ఫ్రిజ్ శ్రుతి

విజయనగరంలో ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా గోడలే స్పీకర్లు. ఫ్రిజ్ ఆన్ అయినా, వాషింగ్ మెషిన్ తిరిగినా ఆ గోడలన్నీ గుయ్‌మంటాయి. సంగీతం టీచరు పేరిందేవి ఆరోసారి ఫిర్యాదు చేస్తేగానీ మెకానిక్ రాలేదు.

"అందరిళ్లల్లోనూ ఇంతేనండి. అలవాటైపోతే మీకే వినపడదు."

"నాకు వినపడకుండా పోవడమేనా నువ్వు చేసే రిపేరు?"

పేరిందేవి విసురుగా వెళ్లి మెయిన్ స్విచ్ కట్టేసింది. ఇల్లంతా నిశ్శబ్దమైంది. మూలనున్న పాత తంబూరా తీసి, తీగలు సరిచేసి మీటింది.

"పాడవే హంసికా, ఈయన కూడా వింటాడు."

అయిదేళ్లుగా ఆ గోడల మధ్యే పాఠం నేర్చుకుంటున్న హంసిక నోరు తెరిచి, మళ్లీ మూసేసింది.

"శ్రుతి ఆగిపోయింది కదండీ టీచర్. ఫ్రిజ్ వెయ్యండి."