పెట్టె నీళ్ళు

"మాటలు శానా విన్నా సార్. నీళ్ళు తాగి చూసినాకనే బేరం," అని కారు దిగుతూనే తేల్చి చెప్పేశాడు అమీర్ బాషా.

నెల్లూరులో రేకు పెట్టెల కార్ఖానా నడిపే మనిషి. మొహమాటానికి తల ఊపే రకం కాదు. అయినా ఆ కటువు మాట క్రీస్తురాజు చెవికి తియ్యగానే తగిలింది. తాగి చూస్తానన్నవాడు ఇన్నాళ్ళకు ఒక్కడు దొరికాడు మరి!

క్రీస్తురాజు యూనివర్సిటీలో లెక్చరరు. పొయ్యి లేకుండా, కరెంటు లేకుండా, ఒట్టి ఎండతోనే ఉప్పునీటిని మంచినీరుగా మార్చే పెట్టెను ఏళ్ళ తరబడి కష్టపడి తయారు చేశాడు. యూనివర్సిటీ డాబా మీద అది బ్రహ్మాండంగా పనిచేసింది. దాన్ని డాబా దింపి జనంలోకి తెచ్చే వ్యాపారి కోసం మద్రాసు నుంచి బెజవాడ దాకా కాళ్ళరిగేలా తిరిగాడు. కొందరు కాఫీ ఇచ్చి పంపారు. కొందరు అదీ ఇవ్వలేదు. ఈ నెలాఖరులోగా ఎవరూ ముందుకు రాకపోతే ఆ పని కట్టిపెట్టమని పైవాళ్ళు చెప్పేశారు. బాషా మీద పెట్టుకున్నది దింపుడు కళ్ళం ఆశ.

వాళ్ళు కారు దిగిన పాలెం ముత్తుకూరు అవతల, సముద్రపు ఒడ్డున ఉంది. తాగేది ఇసుకలో తవ్విన దొరువు నీళ్ళు. అవీ ఉప్పనే. పాపం ఈ జనం ఆ నీళ్ళతో ఎంత అవస్థ పడుతున్నారో క్రీస్తురాజు ఎక్కిన ప్రతి గడపలోనూ చెప్పుకొచ్చాడు. పాలెం వాళ్ళను మాత్రం ఎన్నడూ అడగలేదు. వారం కిందట వచ్చి, చేపలమ్మే మాలకొండమ్మ ఇంటిముందు పెట్టెను బిగించి వెళ్ళాడు.

"రాండి సాయిబు గారూ, రాండి!" మాలకొండమ్మ మంచం వాల్చి దుప్పటి పరిచింది. "అయ్యోరు చెప్పినట్టే దినామూ సముద్రం నీళ్ళు పోసినా. కారినయ్యన్నీ ఈ కొత్తకుండలో పట్టినా. మా ఇంట్లో ఎవురినీ ముట్టనీలా. అంతా మీ కోసరమే."

కుండా, తళతళా తోమిన ఇత్తడి గ్లాసూ మంచం పక్కన పెట్టి, "పొయ్యి మీద వంజరం చేప ఉండాది, మాడిపోతాది. తిని పోవాల మీరు," అంటూ పెరట్లోకి పరిగెత్తింది.

బాషా వంగి పెట్టెను నాలుగు పక్కలా చూశాడు. నల్లరంగు పూసిన రేకు తొట్టి, అందులో సముద్రపు నీళ్ళు, పైన ఏటవాలుగా అద్దం. ఎండకు లేచిన ఆవిరి అద్దానికంటి, చుక్కలై జారి, పక్క కాలవలోంచి బయటికి కారుతోంది.

"ఇంతేనా?" అన్నాడు బాషా, ఆశ్చర్యపోతూ. "రేకు నా దగ్గిర ఉండాది. అద్దాలకు కరువు లేదు. ఇంత సులువైన వస్తువును ఇన్నాళ్ళూ ఎవురికీ అంటగట్టలేకపోయినారా సార్?"

"నాకు చేయడమే వచ్చు బాషా గారూ. అమ్మడం రాదు."

"అది నాకొదిలెయ్యండి. ముందు ఈ ఒడ్డున ఉండే పాలేలన్నిటికీ పెడదాం. పంచాయితీ సమితోళ్ళతో నేను మాట్లాడతా."

క్రీస్తురాజు కళ్ళు చెమర్చాయి. కళ్ళద్దాలు తుడుచుకునే నెపంతో అవతలికి తిరిగాడు.

బాషా గ్లాసు నిండా నీళ్ళు వంచుకుని, బిస్మిల్లా అంటూ ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు. మరుక్షణం దాన్ని ఇసుకలో ఉమ్మేశాడు.

"ఏంది సార్ ఇది? దీనికోసమా నన్ను ఇంత దూరం ఈడ్చుకొచ్చినారు?"

క్రీస్తురాజు గ్లాసు లాక్కుని తాగాడు. ఉప్పు. కుండలోంచి దోసిట్లోకి వంచుకుని తాగాడు. అదీ ఉప్పే.

"ఎక్కడో సందు పడినట్టుంది. తొట్టిలో నీళ్ళు కాలవలోకి కారి కలిసుంటాయి. రెండ్రోజులు టైమివ్వండి, బాగుచేస్తాను."

"మీరు సొంతాన చేసిందే ఇట్టా కారితే, మా పనోళ్ళు చేసింది ఏం నిలబడతాది? కొన్నోళ్ళు వచ్చి నా గొంతు మీద కూర్చుంటారు సార్, మీ గొంతు మీద కాదు." బాషా గొంతులో కోపం పోయి జాలి వచ్చింది. అది ఇంకా ఘోరంగా ఉంది. "మీరు మంచోళ్ళే. మంచోళ్ళయినంత మాత్రాన సరుకు కొనలేం గదా."

కారు వెళ్ళిపోయింది.

క్రీస్తురాజు పెట్టె ముందు ఇసుకలో కూలబడ్డాడు. ఎవరినని ఏం లాభం? తప్పు తనదే. పొమ్మన్నవాళ్ళంతా తెలివైనవాళ్ళు, తానొక్కడే వెర్రివాడు. ఇంత ఉప్పు దిగే పెట్టెను మోసుకుని ఇన్ని గడపలు ఎక్కాడా! ఈ దిక్కుమాలినదాన్ని ఇంకొకరు చూసి నవ్వకూడదు అనుకున్నాడు. గోడకు ఆనించి ఉన్న రోకలి తీసుకుని అద్దం మీద వేశాడు. తర్వాత తొట్టి మీద, కాలవ మీద, చేతులు నొప్పి పుట్టేదాకా వేశాడు.

ఆ చప్పుడుకు మాలకొండమ్మ చేపల పళ్ళెంతో పరిగెత్తుకొచ్చి, గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో అయ్యో! ఏంది అయ్యోరా ఈ పని? సాయిబు గారేరీ?"

"వెళ్ళిపోయాడు. నీళ్ళు ఉప్పగా ఉన్నాయమ్మా. నా పెట్టె పనిచెయ్యలేదు."

మాలకొండమ్మ అద్దం పెంకుల వంకా, ఆయన మొహం వంకా అయోమయంగా చూసింది.

"పెట్టెదేం తప్పయ్యా? వచ్చేది పెద్దమనిషాయె, నాలిక మీద ఏసుకుంటే ఒట్టి చప్పిడి నీళ్ళు, అయ్యెట్టా ఇచ్చేదని, మా దొరువు నీళ్ళ రుచి వచ్చిందాకా నేనే గదా ఉప్పు కలిపింది!"