బాపమ్మ కళ్లు

“గిదేం ఫొటో అన్నా? గిండ్ల నా మొగడేడున్నడో నాకే సమజయితలేదు!”

నిర్మల ఫొటోను సారంగపాణి బల్ల మీదికి విసిరినంత పని చేసింది. మెడలో పుస్తెలతాడుకు పసుపు ఇంకా వదల్లేదు గానీ మాట మాత్రం పచ్చి మిరపకాయ. వరంగల్ చౌరస్తాలో ఇన్నేళ్లుగా స్టూడియో నడుపుతున్న సారంగపాణిని మొహం మీదే ఇంత మాటన్న వాళ్లు లేరు. అతనికి తల కొట్టేసినట్టయింది.

ఫొటో చూస్తే మాత్రం ఏమంటాడు పాపం! పెళ్లినాడు కరెంటు పోయింది. నమ్ముకున్న ఫ్లాషు సరిగ్గా సమయానికి మొండికేసింది. ఇక గత్యంతరం లేక, పెట్రోమాక్స్ వెలుతురులో కెమెరాను స్టాండుకు బిగించి, “ఎవ్వరు కదలొద్దు” అని కేకేసి, బటన్ నొక్కిపట్టి, ఒకటి నుంచి మూడు దాకా లెక్కపెట్టి వదిలాడు. పెళ్లివారు ఎవరి మాట విన్నారు గనుక వింటారు? పెళ్లికొడుక్కి రెండు ముక్కులొచ్చాయి. నిర్మల బాసింగం పొగలా పైకి లేచింది. ఆమె తండ్రి మార్కండేయులుకు అసలు మొహం ఉందో లేదో దేవుడికే తెలియాలి.

“కెమెరా ఊపి, మా మీద పెడ్తున్నవా?”

“కెమెరా ఊగితే అందరు ఊగాలె గద చెల్లే! మీ బాపమ్మను చూడు మరి.”

నిర్మల చూసింది. బాపమ్మ, అంటే మార్కండేయులు తల్లి భద్రమ్మ, రెండు దిండ్ల మధ్య కుర్చీలో కూర్చుని, ముందు వంగిన కొత్త జంట తలల మీద చెయ్యి పెట్టి ఉంది. ఆమె ఒక్కతే అద్దంలో చూసినట్టు స్పష్టంగా వచ్చింది. నుదుటి ముడతలు, ముక్కుపుల్ల, ఆఖరికి పట్టుచీర అంచులో జరీ పోగులు కూడా లెక్కపెట్టుకోవచ్చు.

“ముసలామె ఒక్కతే నా మాటిన్నది. మీరందరు ఎగిరిండ్రు,” అన్నాడు సారంగపాణి, పైచేయి దొరికిన సంబరంతో.

నిర్మల కోపం ఉన్నపాటున నీరుగారిపోయింది.

“గందుకే వచ్చిన అన్నా. ఆయన కనబడకపోతే మానె, రోజు చూసుకునేదే. గని గిండ్ల బాపమ్మ కండ్లు మూసుకున్నది. నన్ను అత్తగారింటికి తోలిన తెల్లారే పాయె. నిన్ననే దినాలు చేసినం. నా లగ్గం కండ్లార చూసి పోయింది, గదొక్కటే తృప్తి నాకు. ఫొటోల గిట్లుంటే ఎట్ల?” ఫొటో మీద రాలిన కన్నీటి చుక్కను వేలితో తుడిచింది. “ఆయనకు గంత దూరం భివండి ఊర్ల మగ్గాల మీద పని. రేపు కాజీపేటల రైలెక్కుతున్న. మల్లెప్పుడొస్తనో! బాపమ్మ నన్ను చూస్తున్నట్టు చేసియ్యి అన్నా, నీ కాళ్లు మొక్కుత.”

సారంగపాణి మనసు కరిగిపోయింది. “అయ్యో, ఏడ్వకు చెల్లే. రెండోది గూడ కొట్టిన. దాంట్ల తెరిచే ఉంటది.”

ఎందుకు తెరవదు? ఆ రోజు “బాపమ్మా, జర కండ్లు తెరువు” అని ఎంత గొంతు చించుకున్నాడని! “జరంల ఉన్నది తమ్మీ, జల్ది కానియ్యి,” అని మార్కండేయులు కసురుకున్నాడు. కసిరితే కసిరాడు గానీ, తల్లి చేతిని తన చేత్తో పట్టుకుని మరీ పిల్లల తలల మీద ఉంచాడు. కంటే ఇలాంటి కొడుకును కనాలి అనుకున్నాడప్పుడు సారంగపాణి.

రెండో నెగటివ్ వెతికి కిటికీ వెలుతురుకు పట్టాడు. అందులోనూ మూసుకునే ఉన్నాయి. సరే, రెండింట్లో ఏది నయమో చూద్దామని మొదటి నెగటివ్‌ను తెచ్చి దాని మీద పెట్టాడు. స్టాండు జరగలేదు కాబట్టి కుర్చీ మీద కుర్చీ సరిగ్గా కూర్చుంది. జనమంతా ఇద్దరేసి, ముగ్గురేసి అయ్యారు. భద్రమ్మ మాత్రం ఒక్కతే.

రెప్ప మీద రెప్ప, ముడత మీద ముడత, పైట మడత మీద మడత. వెంట్రుకవాసి తేడా లేదు. జ్వరంతో ఉన్న మనిషి, ఊపిరికైనా రొమ్ము లేచి దిగదా? సారంగపాణి వీపు మీద ఎవరో చన్నీళ్లు కుమ్మరించినట్టయింది. భూతద్దం తీసి మళ్లీ చూశాడు. చూసి, ఎందుకు చూశానురా భగవంతుడా అనుకున్నాడు.

“ఏమైందన్నా? తెరిచిందా?”

“ఏం... ఏం లేదు చెల్లే.”

అప్పుడే మార్కండేయులు మెట్లెక్కి లోపలికొచ్చాడు. “సామాన్లు కట్టేది లేదా బిడ్డా?” అంటూనే సారంగపాణి చేతిలో జంటగా ఉన్న నెగటివ్‌లను చూశాడు. తర్వాత అతని మొహం చూశాడు.

“నువ్వు పోయి రిక్షాల కూసో. అన్నతోని నేను చెప్త.”

నిర్మల గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. “కండ్లు పెద్దగ పెట్టు అన్నా. నా లగ్గమంత చూసినట్టే ఉండాలె.” కొంగుతో మొహం తుడుచుకుని దిగిపోయింది.

సారంగపాణి నెగటివ్‌లను బల్ల మీద పెట్టాడు.

“కాకా... ఆ కుర్చీల...”

మార్కండేయులు బల్ల మీద ఫొటోలు దిద్దే సన్న కుంచెను తీసి అతని చేతిలో పెట్టాడు.

“దానికి చెప్పకు తమ్మీ. మైలొస్తే లగ్గం ఆగిపోతుండె. జర కండ్లు మంచిగ తెరిపియ్యి... పాణం పోయినంక వాటిని మూసింది నేనే, పందిట్ల బాజా మొదలుగాకముందే.”