అణువుకి పేరెందుకు

“వ్యాసం మీద నా పేరేది, డాక్టరమ్మా?” ఎవరిస్తో నిలదీశాడు. కంప్యూటర్లో ఆ బుల్లి విశ్వాన్ని పుట్టించి, సాకింది వాడే.

డాక్టర్ అచావల్ మాతే టీ పోస్తూనే ఉంది. ఉన్నది ఒకటే సొరబుర్ర, అందరూ అందులోనే తాగాలి, పెత్తనం పోసేవాళ్ళది. బుర్ర మళ్ళీ వాణ్ణి దాటిపోయింది.

“మన బుల్లి విశ్వంలో వేడికి సూత్రం ఎప్పుడు దొరికిందిరా?” అందావిడ.

“చూడ్డానికి దాని లోపల మనం పెట్టినవాడి చూపు మొద్దుబార్చాక. అంతకుముందు వాడికి ప్రతి అణువూ విడిగా కనబడేది, ఏ సూత్రమూ తేలేది కాదు.”

“మరి నేనూ చూసేదాన్నే. నువ్వు అణువ్వి, నాయనా! అణువుకి పేరెందుకు?”

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. ఎవరిస్తో మొహం మాడిపోయింది.

“అలక చాల్లే. ఇవాళ్టినుంచి పోసేది నువ్వే,” అంటూ ఆవిడ కెటిల్ వాడి చేతికిచ్చింది.

వాడి కోపం అక్కడే చల్లారింది. ఆనవాయితీగా మొదటి బుర్ర తను తాగి, రెండోది ఆవిడకి అందించాడు.

ల్యాబులో నిన్ననే చేరిన సులేమా చెయ్యి చాపింది. “అన్నా, నాకూ కాస్త.”

వాడు బుర్ర మళ్ళీ నింపి ఆవిడకే ఇచ్చాడు.

“పాపం, ఆ పిల్ల అడుగుతోందిరా,” అంది అచావల్ నవ్వుతూ.

“ఏ పిల్ల?” అన్నాడు ఎవరిస్తో, బల్ల చుట్టూ చూసి.

వాడు నటించడం లేదు.