వల్లూరు క్రాస్‌లో రద్దీ

కంప్యూటర్ తెర మీద వేపచెట్టు. దాని కింద ఒక మనిషి. మనిషి చుట్టూ ఆకుపచ్చ గీతల పెట్టె.

కొత్తగా వచ్చే ఎలక్ట్రిక్ బస్సు ఏ దారిన పోవాలో చెప్పడం నా ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది ప్రాజెక్టు.

పావగడ నుంచి బలసముద్రానికి రెండు దారులు. ఒకటి మా వల్లూరు క్రాస్ మీదుగా, ఇంకొకటి సోలార్ ప్లాంటు రెండో గేటు మీదుగా. రెండు చోట్లా మా క్లాసువాళ్లు స్తంభాలకు కెమెరాలు కట్టారు. బండి కోసం ఎంతమంది కాచుకొని ఉన్నారో నా ఏఐ ప్రోగ్రామ్ లెక్కపెడుతుంది.

శనివారాలు క్రాస్‌లో జాతరేనని అది తేల్చింది. గేటు దగ్గర జనం పలచగా ఉన్నారంది.

ల్యాబ్‌లోనే ఎగిరి గంతేశాను.

క్రాస్ నుంచి కేక వేస్తే మా అత్తగారింట్లో వినపడుతుంది. సోమవారం తెల్లవారుజామున అక్కడే బస్సెక్కి పావగడలో మారితే తుమకూరులో కాలేజీకి అందుకోవచ్చు. ఇప్పటిలా ఆదివారం మధ్యాహ్నమే హాస్టల్‌కు బయలుదేరక్కర్లేదు. పెళ్లయి మూడు నెలలైన మనిషికి ఒక రాత్రి ఎక్కువ దొరకడమంటే ఏమిటో నేను చెప్పాలా.

ఇంటికి ఫోన్ చేశాను. అత్త ఓబక్క వీధంతా చాటింది. మా ఆయన గిరీశ్ గొర్రెల మధ్య నిలబడి, నిజమేనా, నిజమేనా అని అడుగుతూనే ఉన్నాడు.

ఆ సాయంత్రం పనేమీ లేకపోయినా క్రాస్ వీడియో పెట్టుకున్నాను. మా ఊరి రోడ్డు చూడాలనిపించింది, అంతే.

వేపచెట్టు కింద మనిషి గిరీశ్.

చెట్టు వెనక్కి పోయాడు. ఇవతలికి వచ్చాడు. ఇంకో ప్రయాణికుడు అంది ప్రోగ్రామ్.

రోడ్డు మధ్యదాకా పోయి నేను వచ్చే దిక్కు తొంగి చూశాడు. చెట్టు కిందికి తిరిగి వచ్చాడు. ఇంకొకడు.

ఆగి ఉన్న లారీ అద్దంలో తల దువ్వుకున్నాడు. చొక్కా లోపలికి దోపాడు. బాగాలేదనుకున్నాడేమో, బయటికి లాగేశాడు. మళ్లీ చెట్టు వెనక్కి.

ఎండ చురుక్కుమంటున్నప్పుడే వచ్చాడు. నేనెక్కిన షేర్ ఆటో లైట్లు వేసుకుని వచ్చింది.

ప్రతి శనివారం ఆటో దిగగానే అడుగుతాను, చాలాసేపైందా అని. ఇప్పుడే వచ్చినా అంటాడు.

"మీ ఆయన ఒక్కడే ఒక ఊరంత ఉండాడు కదే ధనూ," అంది పక్కనుంచి ఆశా. నా ప్రాజెక్టులో ఆమే నాకు జోడీ.

ఇంకో శనివారం వీడియో పెట్టాను. తర్వాత ఇంకొకటి. ఆశా టీ తాగడానికి పోయింది. నేను పోలేదు.

అన్నీ అయ్యాక గేటు వీడియో తెరిచాను.

ప్యానెళ్లు కడిగే ఆడవాళ్లు కంచె నీడన నేల మీద కూర్చుని ఉన్నారు. అందులో బలసముద్రం ఆంజినమ్మత్త. మా పెళ్లిలో నాకు నలుగు పెట్టింది ఆమే. పెళ్లికొడుకును, పురోహితుణ్ణి, వంటవాణ్ణి, ఎవర్నీ వదలకుండా ఎగతాళి చేసి పందిరంతా నవ్వించిన మనిషి.

ఇక్కడ ఉలుకూ పలుకూ లేదు.

వాళ్లలో ఒక్కరూ కదల్లేదు. అందుకే ప్రోగ్రామ్ ఒక్కో మనిషిని ఒక్కసారే లెక్కపెట్టింది.

వాళ్లు కాచుకున్న టెంపో రాలేదు. చీకటి పడ్డాక ఒకరి భుజం ఒకరు పట్టుకుని లేచి, నడక మొదలుపెట్టారు.

ఆశా టీ తాగి వచ్చింది. "వదిలెయ్. వీడియోలన్నీ ఎవురు చూస్తారు? సార్‌కు అంకెలు ఇస్తే చాలు," అంది.

ఆదివారం రాత్రి గురించి కాసేపు ఆలోచించాను. కాసేపు కాదు, చాలాసేపే.

తర్వాత, ఒక మనిషి ఎన్నిసార్లు కనబడినా ఒక్కడేనని ప్రోగ్రామ్‌కు నేర్పాను. మా క్రాస్‌లో జాతర ముగిసింది. మిగిలింది నా మొగుడు.

ఆ అంకెలే మా ప్రాజెక్టు చూసే శ్రీరామప్ప సార్‌కు ఇచ్చాను. బస్సు గేటు దారికి ఖాయమైంది.

గిరీశ్‌కు ఫోన్‌లోనే చెప్పాను, బస్సు మన వైపు రాదని, అక్కడ కనబడిన జనమంతా తనేనని. అవతల గొర్రెలు అరుస్తున్నాయి.

"కెమెరా యాడ కట్టినారు?" అన్నాడు.

"చెట్టుకు ఎదురుగా."

"తల దువ్వుకునేది పడిందా?"

"పడింది."

"అమ్మకు చూపించొద్దు," అన్నాడు.

ఇద్దరం ఊపిరాడనంత నవ్వాం. వీధికి ఇప్పుడు ఏమని చెప్పేదని ఓబక్క మాత్రం కొన్నాళ్లు నాతో ముభావంగా ఉంది.

బస్సు మొదలైన శనివారం నేనూ పావగడలో ఎక్కాను. చప్పుడే లేదు దానికి. రెండో గేటు దగ్గర దిగేసరికి గిరీశ్ అంత దూరం నడిచి వచ్చి నిలబడి ఉన్నాడు.

ఎక్కబోతున్న ఆంజినమ్మత్త మెట్టు మీద ఆగింది.

"కొత్త పెండ్లికూతుర్ని వల్లూరు దాకా నడిపిస్తావేందిరా?"

"నేనేం చేసేది చిన్నమ్మా. ఈ దారి వేసింది ఆమే," అన్నాడు గిరీశ్.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మొగునితో నడిచేకి ఎంత ఎత్తు వేసినావే," అంది.

ఆడవాళ్లంతా నవ్వుతూ ఎక్కారు. ఆంజినమ్మత్త కిటికీ పక్కన కూర్చుని, నన్ను ఇంకేదో అనడానికి నోరు తెరిచింది.

బస్సు కదలకముందే నిద్రపోయింది.