ఎనిమిదో తరగతి అర్హత

"రొమాంటిక్ కవిత్వం అంటే ఏంటో చెప్పు," అన్నాడు పరీక్షల అధికారి అంకయ్య.

"ప్రేమ పాటలాండీ?" అన్నాడు మనోహరం.

అంకయ్య పకపకా నవ్వాడు. హాల్లో కూర్చున్న పదకొండు మందీ తలలు దించుకున్నారు.

గల్ఫ్‌లోని అజైబాలో ఎమ్మే ఇంగ్లీషు దూరవిద్య పరీక్ష అది. సూసన్‌కి చూపు లేదు. ఆస్పత్రిలో టెలిఫోన్ డ్యూటీ చేస్తూ చదువుకుంది. ఆమె చెబుతుంటే రాసిపెట్టడానికి ఆస్పత్రి వ్యాన్ డ్రైవర్ మనోహరం వచ్చాడు. రాసిపెట్టేవాడికి ఆ చదువు వచ్చి ఉండకూడదు. వచ్చని తేలితే సూసన్ రెండేళ్ల కష్టం గంగపాలే.

"ఎంతవరకు చదివావు?"

"ఎనిమిది. అదీ పూర్తిగా కాదండి."

"మరి ఇంగ్లీషెలా రాస్తావు?"

"మందుల పెట్టెల మీద పేర్లు రాసే చెయ్యండి ఇది. కష్టమైన మాటొస్తే అమ్మాయి స్పెల్లింగు చెబుద్ది."

"అర్థం?"

"అర్థంతో నాకేం పనండీ?"

అంకయ్యకి అనుమానం తీరలేదు. ప్రశ్నపత్రం అతని మొహం ముందు ఆడించాడు.

"ఆ కవులూ, ఆ చిత్రకారులూ కొండలెంట, తుఫానులెంట ఎందుకు పడ్డారో నీలాంటోడికి ఏడు జన్మలెత్తినా ఎక్కదయ్యా."

మనోహరం దవడ బిగిసింది. కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ ముప్పై ఏళ్లుగా అతనితో అంటున్న మాటే ఇది. సూసన్ అతని మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఎక్కదండి," అన్నాడు అంకయ్య కళ్లలోకి చూస్తూ. "అందుకే గదండీ నన్ను తెచ్చుకుంది. సంతకం పెట్టండి."

అంకయ్య పెట్టాడు. పెట్టి, మూడు గంటలూ అతని వెనకే నిలబడ్డాడు.

సూసన్ చెప్పుకుపోయింది. కొలువుల్లో, పండితుల నోళ్లలో ఇరుక్కున్న కవిత్వాన్ని వాళ్లు లాక్కొచ్చి మామూలు మనిషి మాటల్లో పెట్టారంది. కుంచె పట్టినవాళ్లు దొరల మొహాలు వదిలేసి అల్లకల్లోలమైన సముద్రాన్ని గీశారంది. ఒకచోట ఆగిపోయింది.

"ఆఖర్న ఏం చెప్పాను బాబాయ్?"

"నాకేం తెలుసమ్మా, ఉండు," అని మనోహరం ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు.

వెనక అంకయ్య మళ్లీ నవ్వాడు.

గంట కొట్టారు. కాగితాలు లాక్కుంటూ, "బుర్రకేమన్నా ఎక్కిందా?" అన్నాడు అంకయ్య.

"చెయ్యి నొప్పెట్టిందండి," అని మనోహరం సూసన్‌ని నడిపించుకుని బయటికొచ్చాడు.

గేటవతల వ్యాన్ దగ్గర, హాల్లో పరీక్ష రాసిన ఆ పదకొండు మందీ, "మీరు చెప్పిన పాఠాలే వచ్చాయి మాస్టారూ!" అంటూ మనోహరాన్ని చుట్టుముట్టారు.