కాజీపేటకు పోయిన పనోళ్ళు

"ఇంకో ఇద్దరు పోయిండ్రు!" వీరభద్రం ఫోన్ సోఫా మీదికి విసిరేశాడు. "షకీల్ గాడు మళ్ళా ఎగరేసుకపోయిండు. వాణ్ణి నేనొదల."

విజయలక్ష్మి మూడు క్యారియర్లలో రెండు పక్కన పెట్టేసింది. హనుమకొండలో ఏ మిద్దె మీద తన మొగుడి మనుషులు సోలార్ పలకలు బిగిస్తున్నా, మధ్యాహ్నం ఆటోలో అన్నం తీసుకెళ్ళి వడ్డించేది ఆమే. ఆ చేతి వంట కోసమే పనివాళ్ళు నిలుస్తారని ఒకప్పుడు అందరూ అనేవారు. ఇప్పుడు తినేవాళ్ళకే కరువొచ్చింది.

ఇంటింటికీ సోలార్ కావాలి, బిగించే చేతులే లేవు. సరిగ్గా ఈ సమయంలోనే, వీరభద్రం దగ్గర మేస్త్రీగా చేసిన షకీల్ కాజీపేటలో సొంత ఆఫీసు తెరిచి ఒక్కొక్కరినీ లాగేసుకున్నాడు.

"ఎనుమాముల గోదాం పని సోమవారం మొదలుపెట్టకుంటే ఆ ఆర్డర్ గూడ వానికే పోతది. ఇగ నేను షట్టర్ దించుకునుడే."

"ఏం జూసి పోతాండ్రు ఆడికి?"

"బెల్టులిస్తడట! తాడు కట్టుకోంది కప్పు ఎక్కనియ్యడట. మన దగ్గర ఎన్నడన్న బెల్టులున్నయా? నీ తమ్ముడంటే తాగి ఎక్కిండు, పడి సచ్చిండు. అందరు పడ్డరా?"

విజయలక్ష్మి మిగిలిన క్యారియర్ మూత బిగించింది. తమ్ముడు చైతన్య మందు ముట్టేవాడు కాదని ఇంట్లో అందరికీ తెలుసు. తాగి పడ్డాడని పోలీసులకు చెప్పింది వీరభద్రమే. విజయలక్ష్మి ఆ రోజు నోరెత్తలేదు, ఆ తర్వాతా ఎత్తలేదు. మొగుణ్ణి కాదని ఎక్కడికి పోతుందిలే అని చుట్టాలు జాలిపడి ఊరుకున్నారు.

"షకీల్‌ను ఊకె ఇడిసిపెట్టొద్దు," అంది. "లోపటి నుంచే దెబ్బ కొట్టాలె."

"ఎట్ల?"

"పోశయ్య కాక మాట పనోళ్ళు ఇంటరు. నీతోని కొట్లాడినట్టు జేసి ఆడ చేరుమను. రెండు దినాలల్ల అందర్ని తోలుకొస్తడు."

వీరభద్రం ముఖం వెలిగిపోయింది. తనకు మిగిలిన ఒకే ఒక్క పనివాణ్ణి అప్పటికప్పుడు పిలిపించాడు.

"నేను గూడ పోతే ఈడ ఎవలుంటరు సారూ?" పోశయ్య నసిగాడు.

"రెండు దినాలే గదనే! వాని ఆఫీసు ఖాళీ జేసి రా."

పోశయ్య విజయలక్ష్మి వైపు చూశాడు.

"పో కాకా, ఫికర్ జెయ్యకు," అందామె.

పోశయ్య సైకిలెక్కాడు. వీరభద్రం చాన్నాళ్ళకు ఈల వేసుకుంటూ స్నానానికి పోయాడు. "సోమవారం వాని ముఖం జూడాలె!" అని బాత్రూం లోంచి కేకేశాడు కూడా.

విజయలక్ష్మి వాకిట్లోకి వచ్చి ఫోన్ కలిపింది.

"తమ్మీ షకీల్, ఆఖరి మనిషిని గూడ పంపుతాన."