సుగుణమణి ఆపిన బస్సు

“డ్రైవర్ సాబ్, ఆ పెట్రోల్ బంకు కాడ ఆపు. నాకు ఆగుతలేదు.”

గోదావరిఖనిలో బయలుదేరాక సుగుణమణి ఈ మాట అనడం రెండోసారి. పెళ్ళిబస్సు మళ్ళీ ఆగింది. ఆమె కొంగు సర్దుకుని దర్జాగా దిగింది. వెనకే భర్త జ్ఞానయ్య దిగాడు.

“నువ్వెందుకన్నా?” అన్నాడు తమ్ముడు జాన్ ప్రసాద్. కరీంనగర్ చర్చిలో ఇవాళ పెళ్ళి అతని కొడుకుదే.

“మీ వదినకు తోడు.”

జ్ఞానయ్య బొగ్గుబాయిలో సర్దారుగా చేసి రిటైరయ్యాడు. ఒకప్పుడు షిఫ్టు మొత్తం అతని కేకతో కదిలేది. ఈ మధ్య ఏ పెళ్ళికీ రానంటున్నాడు. ఇవాళ సుగుణమణే పట్టుబట్టి బయలుదేరదీసింది.

తిరిగొచ్చేసరికి అందరి చేతుల్లో చాయ్ గ్లాసులు. తమకిచ్చిన రెండూ సుగుణమణి వెనక్కి పంపింది.

“అన్నకెందుకొద్దు వదినా?”

“మా ఇంట్ల ఇద్దరం మానేసినం. చాయ్, చింతపులుసు, నిమ్మకాయ అన్నీ బంద్. మూత్రంల యాసిడ్ పెరిగితే కొందరికి ఊకూకె వచ్చినట్లైతదట. అందరికి గట్లనే కాదు, కొన్ని రోజులు మాని చూడుండ్రి అన్నది డాక్టరమ్మ.”

“మరి నీళ్ళ బాటిల్ పట్టుకొని తిరుగుతున్నవేంది? నీళ్ళే మానొచ్చు గదా.”

“మానితే మూత్రం చిక్కబడి ఇంకింత గుంజుతది. అదీ ఆమెనే చెప్పింది.”

వెనక సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. సుగుణమణి అటు తిరిగి చూసింది. నవ్వు ఆగిపోయింది.

సుల్తానాబాద్ దాటగానే ఆమె మళ్ళీ లేచింది. “ఆపు.”

“ఆపకు డ్రైవర్,” అన్నాడు జాన్ ప్రసాద్. “పాస్టర్ గారు చర్చిల ఎదురుచూస్తున్నరు. గిట్లయితదని తెలిసినప్పుడు ఇంటికాడనే ఉండాలె వదినా.”

సుగుణమణి వెళ్ళి డ్రైవర్ పక్కన నిలబడింది.

“ఒంట్ల బాగలేనోళ్ళు ఇంట్లనే కూసుండాల్నా? బీపీ ఉన్నోళ్ళు వచ్చిన్రు, షుగర్ ఉన్నోళ్ళు వచ్చిన్రు. వాళ్ళను దిగుమన్నవా? ఇదీ గసొంటిదే. నవ్వేటోళ్ళు నవ్వుకోండ్రి. నాకు సిగ్గు లేదు. అవసరమైతే ఊరూరికి ఆపిస్త.”

“నీకు లేకపోతే పాయె. మా అన్న మొకం చూడు. నీవల్లనే గదా ఆయన తలెత్తుకోలేకపోతున్నడు.”

బస్సంతా జ్ఞానయ్య వైపు తిరిగింది. అతని నుదురు చెమటతో తడిసి ఉంది. “మీరు కూసోండ్రి, నేను మాట్లాడుతున్న గదా,” అంది సుగుణమణి. అతను వినలేదు. ముందు సీటు కడ్డీ పట్టుకుని లేచాడు.

“బస్సు ఆపు!”

బాయిలో వినిపించిన ఆ పాత గొంతే. డ్రైవర్ బ్రేకు తొక్కాడు. జ్ఞానయ్య తమ్ముడి కళ్ళలోకి సూటిగా చూశాడు.

“ఆగనిది మీ వదినకు కాదురా, నాకు.”